రాతిపనివాని పేర్లు: కాసె, వడ్డె, శిల్పి



మన ఊరి గుడిస్తంభములను, దిగుడుబావి మెట్లను, చెఱువు తూము రాళ్ళను, వంటయింటి రోటిని చేసినవానిని ఏ పేరుతో పిలువవలెను? ప్రశ్న చిన్నదే. కాని పెద్దలు పదిమంది రచ్చకట్టపై కూర్చుండియున్నప్పు డీ ప్రశ్న వేసి చూడుడు. ఒకరు వడ్డె యందురు. ఒకరు శిల్పి యందురు. ఒకరు ఉప్పరి యందురు. వేరొకరు మేస్త్రీ యని ఊరకుందురు. కాసెవాడు అనువారు పదిమందిలో ఒక్కరుందురో లేదో! నిజమున కీ మాటలలో ఏ రెంటికిని అర్థ మొక్కటి కాదు. ఒక్కొక్క మాట ఒక్కొక్క పనిని తెలుపును. ఆ భేదమెట్టిదో, దానిని మఱచుటవలన కలుగు నష్టమేమో నేటి ప్రసంగమున విన్నవింతును.

ఈ విచారమునకు సికింద్రాబాదు తగిన చోటు. హుస్సేన్‌సాగరమున కావల ఆంగ్లేయుల దండు విడిసిన ప్రదేశమునకు 1806లో, మూడవ నిజామైన సికందర్‌జా పేరు మీదుగా, సికింద్రాబాదని పేరు వచ్చినది. ఈ ప్రాంతమున మౌలా అలీ గుట్ట మొదలుకొని ఎటు చూచినను గుండ్లు, బండలు, గుట్టలు కనబడును. ఈ గ్రానైటు రాతి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. దండు వెంటను, వర్తకము వెంటను, 1874లో వచ్చిన రైలుబండి వెంటను పలు దేశములవా రిచట చేరి కాపురముండిరి. అందుచేత తెలుగుతో పాటు ఉర్దూ, మరాఠీ, కన్నడము, తమిళము ఈ వీథులలో వినవచ్చును. రాయి ఒక్కటే, పనియు నొక్కటే, కాని ఆ పనివానిని ఈ భాష లొక్కొక్కటి ఒక్కొక్క తీరున చూచినవి.

ఉర్దూలో రాతిపనివానిని సంగ్‌తరాష్ అందురు. ఇది పారసీకపు మాట. సంగ్ అనగా రాయి. తరాష్ అనగా చెక్కువాడు. కలమును చెక్కు చిన్నకత్తికి కలంతరాష్ అని పేరు వచ్చుటయు నిందుచేతనే. మరాఠీలో పాథర్‌వట్ అందురు. కన్నడమున కల్లుకుటిగ అందురు. రాతిని కొట్టువా డని యర్థము. తమిళమున కల్‌తచ్చన్ అందురు. రాతివడ్రంగి యని యర్థము. ఒక భాష చెక్కుటను చూచినది. ఒకటి కొట్టుటను చూచినది. మఱియొకటి కొయ్యపనితో పోల్చి చూచినది. కాని వీనియన్నింట రాయి యను మాట మాత్రము స్పష్టముగ నున్నది.

మనకును రాతికి కల్లు అను ప్రాతమాట కలదు. త్రాగెడు కల్లు వేఱు, ఈ కల్లు వేఱు. ఇంట నూఱెడు సన్నికల్లు, బంగారము గీచి చూచెడు ఒరగల్లు, వానతో పడెడు వడగల్లు, చిటికెడు ఉప్పులోని ఉప్పుకల్లు, వీనియందెల్ల ఆ మాటయే యున్నది. కాకతీయుల రాజధాని ఓరుగల్లును సంస్కృతమున ఏకశిలానగర మనిరి. ఐనను రాతిపనివానికి మన పెద్దలు వాడిన కాసె యను మాటలో రాయియు లేదు, కల్లును లేదు. అందుచేతనే కాబోలు, వాడుక తగ్గగానే ఆ మాట త్వరగా మఱుగుపడినది. పాథర్‌వట్ అన్న మాటను ఎన్నడు విననివాడు సయితము అందులోని రాతిని ఊహింపగలడు. కాసె యన్న మాటను ఒకరు చెప్పిననే గాని తెలియదు.

పంచాణమువారని వాడుక గల అయిదు తెగల పనివారిని గుర్తు చేసికొందము. ఇనుము కమ్మరిది, కొయ్య వడ్రంగిది, కంచు కంచరిది, బంగారము కంసాలిది, రాయి కాసెది. తక్కిన నాలుగు పేర్లు నేటికిని ఊరూర వినబడుచున్నవి. అయిదవది మాత్రము జారిపోయినది. కాసెవాడు అనగా ఉలితో రాతిని చెక్కి, కొలతకు తెచ్చి, రూపు దిద్దువాడు. అతని పని కాసెపని. కాసెవాడు కంబమును పలుకలుగా తీర్చె ననవచ్చును. కాసెవానిచేత రోలు చేయించితి మనవచ్చును. గర్భగుడి ద్వారబంధము కాసెపని ముగిసిన దనవచ్చును. పంచెను కాసెపోసి కట్టుట యనునప్పటి కాసె వేఱుమాట. అది బట్ట కట్టెడు తీరును చెప్పును. ధ్వని యొక్కటైనను ఈ రెంటిని కలపరాదు.

ఇక శిల్పి. ఈ మాటను గూర్చి మనలో ఒక పొరపాటు బాగుగ పాతుకొనియున్నది. శిలను చెక్కును గనుక శిల్పి యయ్యెనని చాలమంది తలంతురు. వినుట కింపుగానే యుండును గాని అది సరి కాదు. శిల్పము గలవాడు శిల్పి. సంస్కృతమున శిల్పమనగా చేతిపనిలోని నేర్పు. అది రాతిపనియే కానక్కరలేదు. అమరకోశమున శిల్పి యను మాటకు కారువు పర్యాయముగ చెప్పబడినది. ఆ వెనువెంటనే కుమ్మరి, సాలె, చిత్రకారుడు మొదలగువారి పేర్లు వచ్చును. ఆ లెక్కను కుండ చేయువాడును శిల్పియే, బట్ట నేయువాడును శిల్పియే. రాతిలో విగ్రహములు చేయువానికే ఈ పేరు నిలిచిపోవుట తరువాతి వాడుక. వాడుకను కాదనలేము, కాని ఒక సంగతి గమనింపవలెను. విగ్రహము చేసినవాడు శిల్పియై గౌరవము నందెను. ఆ విగ్రహము క్రింది పీఠమును, దాని చుట్టు స్తంభములను, పై కప్పు బండలను చెక్కినవానికి పేరు లేకపోయెను. కాసె యన్న మాట నిలిచియున్నచో వాని కది చాలియుండెడిది.

శిల్పశాస్త్రములు ఈ విషయమున మనకంటె జాగ్రత్తగా నుండినవి. మయమతము కట్టడపు పనివారిని నలుగురినిగ విభజించినది. పని మొత్తమునకు పెద్ద స్థపతి. కొలతత్రాడు పట్టువాడు సూత్రగ్రాహి. చెక్కువాడు తక్షకుడు. చెక్కినవానిని కూర్చి నిలుపువాడు వర్ధకి. ఒకనిపని నింకొకనికి అంటగట్టలేదు. ఒకని పేరుతో అందఱిని కప్పిపుచ్చలేదు.

ఇచ్చట తెలంగాణపు వాడుకలోని సుతారి యను మాటను చెప్పక తప్పదు. గోడ కట్టువానిని మన పల్లెలలో సుతారి యందురు. కొంద ఱది మోటుమాట యని తలంచి మేస్త్రీ యనుచున్నారు. సుతారి యనునది సూత్రధారి యను మాటకు వికారము. సూత్రమనగా కొలతత్రాడు, దానిని ధరించినవాడు సూత్రధారి. నాటకమున సూత్రధారుడు, గోడమీద సుతారి, ఒక్కింటి బిడ్డలే. మరాఠీలో సుతార్ అనగా వడ్రంగి. అతడును త్రాటితో కొలిచియే కోయును గదా! ఇక మేస్త్రీ యనునది పోర్చుగీసువారి మేస్త్రె నుండి వచ్చిన మాట. పెద్ద, గురువు అని దాని యర్థము. పరదేశపు మాట వచ్చుటలో దోషము లేదు. కాని సుతారి మోటు, మేస్త్రీ నాగరికము అనుకొనుట మాత్రము తగదు. రాయలసీమలో గోడపనికి బేల్దారిపని యందురు. పారసీకమున బేల్ అనగా పార. దానిని పట్టువాడు బేల్దారు. పారపట్టినవాని పేరే మెల్లమెల్లగా గోడకట్టువాని పేరైనది. ఉప్పరి యన్న మాటయు నిట్టిదే. ఉప్పు పండించుటనుబట్టి వచ్చిన పేరు, ఆ పని విడిచి చెఱువుకట్టలు, గోడలు కట్టినవారికి అట్లే నిలిచిపోయినది. తెలంగాణమున వారు సగరులని చెప్పుకొందురు. భూమిని త్రవ్విన సగరపుత్రుల కథతో తమ పేరును ముడివేసికొందురు.

వడ్డె యను మాట వీని కన్నింటికంటె భిన్నమైనది. ఇందు రాయియు లేదు, ఉలియు లేదు, పనియే లేదు. ఓడ్రదేశమునుండి వచ్చినవారగుటచే ఒడ్డెలు, వడ్డెలు అను పేరు కలిగెనని పెద్దలును, జాతుల చరిత్ర వ్రాసినవారును చెప్పుచున్నారు. ఓడ్రదేశమనగా నేటి ఒడిస్సా. కావున ఇది దేశమునుబట్టి వచ్చిన జాతినామము. వారిలో రాతిపని చేయువారు రాతివడ్డెలనియు, మట్టిపని చేయువారు మట్టివడ్డెలనియు వాడుక. బావులు, చెఱువులు, రోడ్లు, రైలుకట్టలు, ఆనకట్టలు వారి చెమట త్రాగినవి. పనిని వెదకికొనుచు వారు కన్నడదేశమునకును, తమిళదేశమునకును పోయిరి. తమిళనాట తరతరములుగ నున్న ఒడ్డెల యిండ్లలో నేటికిని తెలుగు వినబడును. ఓడ్రదేశపు పేరు పెట్టుకొని, తమిళదేశమున కాపురముండి, తెలుగు మాటాడు జనమన్నమాట!

వడ్డెవాని విద్య చిన్నది కాదు. కొయ్యకు చేవయు వాలును ఉన్నట్లే గ్రానైటు రాతికిని వాలు కలదు. ఆ వాలున రాయి సులభముగ చీలును. దానికి అడ్డముగ కొట్టినచో ముక్కలగును. వాలును కనిపెట్టినవాడు బండమీద వరుసగా ఉలితో గుంటలు తీయును. వానిలో ఇనుప చీలలు నిలిపి, ఈ కొననుండి ఆ కొనకు ఒక్కొక్కదానిపై సమ్మెట వేయుచు పోవును. మరల మొదటికి వచ్చును. చీల బిగిసినకొలది దాని మ్రోత మారును. ఆ మ్రోతను విని ఎప్పుడు కొట్టవలెనో, ఎప్పు డాగవలెనో అతడు తెలిసికొనును. గుట్టమీద పొరలుగా నున్న బండపై కట్టెలు పేర్చి మంట పెట్టి, వేడికి పొర యుబ్బి లేచునట్లు చేయు పద్ధతియు పూర్వమునుండి కలదు. ఇంతటి నేర్పును కూలి యను రెండక్షరములలో మూటగట్టుచున్నాము.

ఇప్పుడు ఈ నగరముల కట్టడములను చూచి, చరిత్రలో ఎవరి పేరు నిలిచినదో, ఎవరి పేరు నిలువలేదో పరిశీలింతము. హైదరాబాదులోని మక్కా మసీదును సుల్తాను మహమ్మదు కుతుబ్‌షా 1617లో మొదలుపెట్టెను. ఔరంగజేబు కాలమున 1694లో అది పూర్తియయ్యెను. ఆ నడుమ ఫ్రెంచి రత్నవర్తకుడైన టావెర్నియర్ ఇటు వచ్చి, అచటి గూటికి తెచ్చిన ఒక మహాశిలను గూర్చి వ్రాసెను. దానిని కొండనుండి విడదీయుటకు అయిదేండ్లు పట్టెనట; అయిదారువందల మంది ఎడతెగక పనిచేసిరట; దానిని లాగుటకు 1400 ఎద్దులు కావలసివచ్చెనట. అతడు ఎద్దులను సయితము లెక్కించెను. మనుష్యులకు మాత్రము ఒక సంఖ్య తప్ప వేఱు గుర్తు మిగులలేదు.

ఇది పాతకథ యనుకొందమా? హుస్సేన్‌సాగరము నడుమ నిలిచియున్న బుద్ధవిగ్రహము మన యెదుటిదే. భువనగిరి సమీపమున రాయగిరి కొండనుండి తీసిన ఒకే రాతిలో, 58 అడుగుల ఎత్తున, ఎస్. ఎం. గణపతి స్థపతి ఆధ్వర్యమున అది చెక్కబడినది. 1990 మార్చి 10న దానిని నీటిమీద తరలించుచుండగా పడవతెప్ప ఒరిగి, విగ్రహము సాగరమున మునిగినది. పనివారు ప్రాణములు కోల్పోయిరి. 1992 డిసెంబరు 1న దానిని వెలికిదీసి నిలిపిరి. స్థపతి పేరు అందఱకు తెలియును, తెలియవలసినదే. కాని కొండనుండి ఆ రాతిని బీట పడకుండ విడదీసినవారిని, దానితో పాటు నీట మునిగినవారిని ఏ పేరుతో తలంతుము? సికింద్రాబాదునకు చేరువనే, 1939లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆర్ట్సు కళాశాల కలదు. ఆ గ్రానైటు గోడల రాళ్ళ అతుకులను చూడుడు. అతుకు కనబడకుండ రాతిని తీర్చుటయే కాసెపని. చూచువారు నిజామును తలంతురు, నమూనా గీసిన యూరపు వాస్తుశిల్పిని తలంతురు. ఉలి పట్టినవానికి మాట లేదు.

దీనికి భిన్నముగ ఒక్క చోటు కలదు. పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన దేవాలయమును జనులు రామప్పగుడి యందురు. రామప్ప యనువాడు దానిని చెక్కిన శిల్పి యని తరతరముల జనశ్రుతి. ఆ గుడిని 2021లో ప్రపంచ వారసత్వ సంపదగ గుర్తించిరి. జనశ్రుతి యెంతవఱకు చరిత్రయో పండితులు విచారింతురు గాక. రాజు పేరును, సేనాని పేరును ప్రక్కకు నెట్టి పనివాని పేరు పెట్టుకొనవలెనని పల్లెజనము తలంచుట మాత్రము నిజము.

ఇక ఈ మాటలను వాడుటలో పాటింపదగిన నియమమును చెప్పెదను. కొండనుండి రాతిని విడదీయువాడు రాతికొట్టువాడు. దానిని కొలతకు చెక్కి తీర్చువాడు కాసెవాడు. విగ్రహమును, లతలను, రూపములను తీర్చువాడు శిల్పి. పని యంతటిని నడపువాడు స్థపతి. గోడగా కూర్చువాడు సుతారి, బేల్దారి, తాపీపనివాడు. ఏ సీమ మాట ఆ సీమకు ముద్దు. వడ్డెర, సగర యనునవి జాతులకు పేర్లు, పనులకు కావు. వడ్డెర యింట పుట్టి బడిలో పాఠము చెప్పువారున్నారు, ఉద్యోగములు చేయువారున్నారు. ఉలి పట్టిన ప్రతివాడును వడ్డెరయు కాడు. జాతినామమును పనికి పెట్టుట యొక తప్పు. ఆ నామమునే తిట్టుగా వాడుట రెండవ తప్పు, మొదటిదానికంటె పెద్దది. కాసె యనునదియు పూర్వ మొక తెగకు పేరే యనవచ్చును. నిజమే. కాని కాసెపని యన్నచో పని స్పష్టము. ఆ పని నెవరు నేర్చినను ఆ మాట వారికి చెల్లును.

పేరులో నేమున్నది, పని జరిగిన చాలునని ఎవరైన ననవచ్చును. రాతిపనివాడు దగ్గుతో ఆసుపత్రికి పోయిన వేళను తలంచుడు. గ్రానైటును కొట్టునప్పుడు లేచెడు సన్నని ధూళిలో సిలికా యను పదార్థ ముండును. ఏండ్లతరబడి పీల్చినచో అది ఊపిరితిత్తులలో చేరి వానిని గట్టిపఱచును. ఈ రోగమును సిలికోసిస్ అందురు. ఒకసారి పట్టినచో పోదు. దగ్గు, ఆయాసము, బరువు తగ్గుట చూచి దీనిని క్షయ యని భ్రమపడుట కలదు. ఈ రోగమున్నవారికి క్షయయు త్వరగా నంటును. ఉలి, సుత్తెల కాలముకంటె యంత్రములతో కోయు నీ కాలమున ధూళి మఱింత హెచ్చు. వైద్యుడు నీ పని యేమని యడిగినప్పుడు రోగి కూలి యని చెప్పినచో వైద్యునికి దారి తోచదు. ఇరువదియేండ్లుగ రాతిని కొట్టుచున్నాను, రాతిని చెక్కుచున్నాను అని చెప్పినచో అతడు వెంటనే ధూళిని తలంచును, తగిన పరీక్ష చేయించును. 1948 ఫ్యాక్టరీల చట్టము సిలికోసిస్‌ను వృత్తిరోగముల పట్టికలో చేర్చినది. వృత్తిరోగమని తేలుటకు మొదట వృత్తి యేదో తేలవలెను గదా! కూలి యన్న మాట ఆ వృత్తినే తుడిచివేయును.

కావున ఊరి పెద్దలకు నా మనవి యిది. మీ చేతికి వ్రాతపని వచ్చుచుండును. అర్జీలు, కౌలుకాగితములు, పెండ్లి లగ్నపత్రికలు, బడిలో పిల్లల పేరు చేర్చునప్పటి వివరములు మీరు చెప్పగా పదిమంది వ్రాయుదురు. అందు తండ్రి వృత్తి యన్నచోట కూలి యని వ్రాయింపక, రాతిపని, కాసెపని అని వ్రాయింపుడు. ఎన్నియేండ్లనుండి చేయుచున్నాడో కూడ చేర్పుడు. రాతిని తడిపి కొట్టుమని, ముక్కునకు నోటికి అడ్డముగ గుడ్డ కట్టుకొనుమని, దగ్గు విడువనిచో ఆలస్యము చేయవలదని పనివారికి చెప్పుడు. గుడ్డ పూర్తిగ కాపాడదు. నీళ్ళు చల్లి ధూళిని లేవకుండ చేయుటయే మేలు.

ఇంకొక పని కలదు. అది మీరు తప్ప మఱియొకరు చేయలేనిది. రోటికి, తిరుగలికి కక్కు కొట్టుటకు వచ్చువారిని మీరు చూచినారు. వారు వాడిన ఉలుల కొక్కొక్క పేరు, కొట్టెడు దెబ్బల కొక్కొక్క పేరు, రాతి రంగునకు, పొరకు, బీటకు ఒక్కొక్క పేరు ఉండును. ఇవన్నియు నిఘంటువుల కెక్కలేదు. మీ ఊర నెనుబది యేండ్ల కాసెవాడో, వడ్డెర తాతయో యున్నచో వారియొద్ద కూర్చుండి ఆ మాటలను ఒక పుస్తకమున వ్రాయుడు. మాట ప్రక్కనే దాని యర్థమును, చెప్పినవారి ఊరిని వ్రాసి, ఊరి బడిలోనో గ్రంథాలయములోనో ఉంచుడు. రాతిపై చెక్కినది వేయేండ్లు నిలుచును. చెక్కినవాని మాట ఆ నోటితోనే పోవును. రేపు మన మనుమడు గుడిస్తంభమును చూపి దీనిని చేసినవా డెవడని యడిగినప్పుడు, కూలివాడని కాక కాసెవాడని చెప్పగలిగినచో నేటి యీ శ్రమ సార్థకమగును.